పెళ్ళికి వెళ్ళొచ్చిన రాయి

గీతాంజలి, సూరమ్మ సన్నికల్లును మార్చేసింది. అసలుది తన దగ్గర ఉంచుకుని ఇంకేదో రాయి తెచ్చి ఇచ్చింది. ఇది తేలిపోయిన విషయం.

సూరమ్మ మొగుడు సింహాచలం దీని గురించి ఎవరితోనూ వాదించడు. వాదిస్తే ఎదుటివాళ్ళ దగ్గర కూడా చెప్పడానికి ఏదో ఉందని ఒప్పుకున్నట్టవుతుంది. గీతాంజలి మొదట్లో రెండు మూడుసార్లు లిఫ్టులో ఏదో చెప్పబోయింది. అతను గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మూడేళ్ళుగా అలాగే నిలబడుతున్నాడు. బుకిట్ బటోక్‌లో ఆ బ్లాకులో అతను మాట్లాడని వాళ్ళు ఇంకా ఉన్నారు. పై అంతస్తులో ఉండే చైనా ముసలాయన అందులో ఒకడు. కిటికీ బయట గెడకి ఆరేసిన సింహాచలం గళ్ళ తువ్వాలును ఆయన కాజేశాడు. అదీ తేలిపోయిన విషయమే.

ఆ శనివారం పొద్దున సింహాచలం అంగారక గ్రహాన్ని చదును చేస్తున్నాడు.

జురాంగ్ ఈస్ట్‌లో ఒక మాల్ మూడో అంతస్తులో పిల్లల సైన్స్ ప్రదర్శన ఉంది. అందులో ఒక మూల అంగారకుడు. చిన్న పెళ్ళి పందిరంత జాగా, నిండా ఎర్ర ఇసుక, వెనక గోడకి నారింజరంగు ఆకాశం. అక్కడక్కడా రాళ్ళు, కొన్ని నిజమైనవి, కొన్ని రంగు పూసిన థర్మోకోల్‌వి. మధ్యలో మేకంత ఎత్తున ఆరు చక్రాల బండి. దానికి పొడుగాటి మెడ, మెడ మీద రెండు కళ్ళు, ముందుకి చాచిన ఒక చెయ్యి. అందరూ రోవర్ అంటారు. సింహాచలం బండి అంటాడు. ముందురోజు పిల్లలు నడిపిన చక్రాల జాడల్ని పొద్దున్నే ఇనుప పళ్ళ కర్రతో చెరిపేయడం అతని పని. దాంతోపాటు ఇసుకలోంచి తలపిన్నులు, తినిపారేసిన మిఠాయి కాగితాలు, ఒక్కోసారి పాలపళ్ళు కూడా ఏరాలి.

అతనికి అరవై దాటాయి. పొట్టి మనిషి. ఓడల కార్ఖానాలో ఇనుము మోసి మోసి భుజాలు ముందుకి వంగిపోయాయి. కుడిచేతి బొటనవేలికి గోరు సగమే ఉంది, మిగతా సగం ఏదో ఓడతో పాటు వెళ్ళిపోయింది. ప్రదర్శనవాళ్ళు ఇచ్చిన నారింజరంగు చొక్కా మోకాళ్ళదాకా వేలాడుతుంది. కళ్ళజోడుకి ఒక పక్క కాడ లేదు, దాని బదులు దారం ఉంది. ఆ దారాన్ని చెవికి చుట్టుకునే తీరు చూస్తే ఈ మనిషి దేన్నీ పారెయ్యడని ఎవరికైనా తెలుస్తుంది. కోపాన్ని కూడా.

గోడ పక్కన బల్ల మీద అప్పుడే ఎవరో టిష్యూ పొట్లం పెట్టి వెళ్ళారు. తొలి ఆట చూడటానికి జాగా చోప్ చేసుకున్నారన్నమాట. ఆ పొట్లాన్ని ఇక ఎవరూ ముట్టుకోరు. మనిషి తిరిగొచ్చేదాకా ఆ జాగా ఆ మనిషిదే. సింహాచలం దాన్ని చూసినప్పుడల్లా పళ్ళు నూరుకుంటాడు. కాగితం పొట్లానికి ఇంత మర్యాద ఉన్న దేశంలో రాయిని మార్చేశారు.

అంగారకుడి అంచున ఒక కూరల ట్రాలీ సంచీ ఉంది. సూరమ్మ వాడిన సంచీ. పువ్వుల గుడ్డ వెలిసిపోయి చక్రాలు కీచుమంటాయి. దాంట్లో ఉన్నది ఆ రాయే. రాయి తిరిగొచ్చిన రోజున దాన్ని తాకనని సింహాచలం ఒట్టు పెట్టుకున్నాడు. గీతాంజలి భర్త వంటింటి వెనక కుళాయి పక్కన పెట్టి వెళ్తే అది అక్కడే ఉండిపోయింది. దాని చుట్టూ నేల కడిగేవాడు. ఈ పొద్దున మాత్రం రెండు దుప్పట్లు మడతపెట్టి చేతులకి చుట్టుకుని ఎత్తి సంచీలో వేశాడు. అది తాకడం కిందికి రాదు.

ఇవాళే ఎందుకంటే, గీతాంజలి వాళ్ళు ఇల్లు మారుతున్నారు. కూతురు అరుణ కాపురం పుంగ్గోల్‌లో. వీళ్ళు కూడా అక్కడే కొత్త ఫ్లాట్ తీసుకున్నారు. సాయంత్రం లారీ వస్తుంది. సింహాచలం లెక్కలో పుంగ్గోల్ అంటే దేశానికి ఆ చివర. సూరమ్మ రాయి ఆ లారీ ఎక్కిందంటే ఇక దొరకదు. కాబట్టి తన దగ్గరున్నది సూరమ్మ రాయి కాదని సాయంత్రంలోపు తేలాలి. అతనికి తేలే ఉంది. చదువుకున్నవాడి నోట ఒక్కసారి రావాలి. అప్పుడు లారీకి అడ్డంగా నిలబడొచ్చు.

"అంకుల్, ట్రాలీలో ఏంటి? సో హెవీ" అంది ప్రణవి, దాన్ని పక్కకి జరపబోయి. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగుపిల్ల. బండి గురించి పిల్లలకి చెప్పే ఉద్యోగం ఆమెది.

"రాయి."

"ఇక్కడ ఆల్రెడీ రాళ్ళు ఉన్నాయి కదా అంకుల్."

"ఇది మా రాయి కాదు. అది తేల్చాలి."

ప్రణవి "ఓకే లా" అని మైకు సర్దుకోవడానికి వెళ్ళిపోయింది.

సూరమ్మ ఆ రాయిని టెక్కలి పక్క ఊళ్ళోంచి తెచ్చుకుంది. సింహాచలానికి ఇక్కడ స్థిరంగా ఉండే అనుమతి వచ్చి, భార్యను తెచ్చుకున్నప్పుడు ఆమె సామానులో బట్టలు కొంచెం, రాయి ఎక్కువ. విమానం ఎక్కేచోట తెర మీద నల్లటి పలక కనబడి ఇద్దరు అధికారులు పరిగెత్తుకొచ్చారు. సూరమ్మకి వాళ్ళ భాష రాదు. అక్కడే నేలమీద కూర్చుని, గాలిలో రెండు చేతులూ ముందుకీ వెనక్కీ ఆడిస్తూ పచ్చడి నూరి చూపించింది. వాళ్ళు నవ్వి వదిలేశారు. ఇక్కడ దిగాక బెల్టు మీంచి దాన్ని ఎత్తబోయి సింహాచలం కింద పడేశాడు. ఒక మూల పెచ్చు ఊడింది. ఆ సంగతి సూరమ్మ ఎప్పుడూ మర్చిపోలేదు, అతన్ని మర్చిపోనివ్వలేదు.

తర్వాత ఆ రాయికి పేరొచ్చింది. తెలుగువాళ్ళ పెళ్ళిలో పెళ్ళికూతురు కాలు సన్నికల్లు మీద పెట్టించాలి. ఇక్కడ అందరి ఇళ్ళలోనూ మిక్సీలే. పెళ్ళి కుదరగానే పురోహితుడి కంటే ముందు సూరమ్మకి ఫోన్ వచ్చేది. రాయి పసుపు రాసుకుని వెళ్ళేది, కుంకుమ పెట్టుకుని తిరిగొచ్చేది. పొత్రం మాత్రం పెళ్ళికి అక్కర్లేదు కాబట్టి ఇంట్లోనే ఉండేది. అలా వెళ్ళిన పెళ్ళిళ్ళలో అరుణ పెళ్ళి చివరిది. రాయి గీతాంజలి ఇంట్లో ఉండగానే సూరమ్మకి ఒంట్లో బాగాలేక ఆసుపత్రిలో చేర్చారు. పదో రోజు కార్యం అయిపోయాక రాయి తిరిగొచ్చింది.

సూరమ్మ రాయి అద్దంలా నున్నగా ఉండేది. వచ్చిన రాయి నిండా గంట్లు. ఇదేమిటని అడిగితే, "పచ్చడి పట్టేలా కక్కు కొట్టించమని ఆంటీయే చెప్పారు అంకుల్" అంది గీతాంజలి. పోయిన మనిషి మీదకి నెట్టింది. దొంగతనాన్నయినా సింహాచలం క్షమించేవాడేమో. చెప్పలేం.

అతని దగ్గర ఇంకో సాక్ష్యం కూడా ఉంది. ఆసుపత్రిలో మంచం మీద సూరమ్మ అతని చొక్కా అంచు పట్టుకుని అంది, "రాయి గురించి నీకో సంగతి సెప్పాల. ఇంటికెల్లాక సెప్తాను. కేకలెయ్యకు." ఆమె ఇంటికి రాలేదు. కానీ ఆ సంగతేమిటో సింహాచలానికి తెలుసు. గీతాంజలి బుద్ధి ఆమె ముందే కనిపెట్టింది.

ఆట మొదలైంది. పిల్లలు ఇసుక చుట్టూ కూర్చున్నారు. ప్రణవి చెప్పేదంతా సింహాచలం రోజూ గోడకి ఆనుకుని వింటాడు. ఆమె ఇంగ్లీషులో చెబుతుంది, ఖాళీ ఉన్నప్పుడు తెలుగులో అతనికి విడమరుస్తుంది. అందులో నచ్చినవి ఉంచుకుని నచ్చనివి వదిలేశాడు.

అంగారకుడి మీద రాయి వయసు చెప్పడానికి మనుషులు లేరు, బండే చెప్పాలి. ముందు దూరం నుంచి చూస్తుంది. పొరలు పొరలుగా ఉంటే కింద పొర ముందుది, పై పొర తర్వాతది. నేల మీద గుంటలు చూస్తారు. ఆకాశంలోంచి రాళ్ళు పడుతూనే ఉంటాయి కాబట్టి ఎక్కువ గుంటలున్న నేల ఎక్కువ కాలంగా దెబ్బలు తింటున్నట్టు. తర్వాత బండి రాయి దగ్గరికి పోయి బ్రష్‌తో దుమ్ము తుడుస్తుంది, పై పెచ్చు గీకి లోపలిది చూస్తుంది. పైన కనబడేదాన్ని నమ్మదు. ఒక బండి అయితే రాతిని తొలిచి, పొడి చేసి, కడుపులో ఉన్న పొయ్యిలో కాల్చింది. రాతిలో ఉండే పొటాషియంలో కొంత, యుగాల తరబడి, ఆర్గాన్ అనే గాలిగా మారుతూ రాతిలోనే ఇరుక్కుని ఉంటుంది. కాలిస్తే బయటికి వస్తుంది. ఎంత వచ్చిందో కొలిస్తే వయసు తెలుస్తుంది. ఆ రాయికి దగ్గరదగ్గర నాలుగు వందల ఇరవై కోట్ల ఏళ్ళు. అయితే దాని మీద కప్పుకున్న మట్టీ రాయీ కొట్టుకుపోయి, అది ఆకాశం చూడటం మొదలుపెట్టి ఎనిమిది కోట్ల ఏళ్ళే. ఆకాశం నుంచి వచ్చే కిరణాలు తగిలి రాతిలో ఇంకో రకం గాలులు పుడతాయట, అవి చెప్పాయి.

ఒక రాయికి రెండు వయసులు ఉండటం సింహాచలానికి నచ్చలేదు. అది వదిలేశాడు. గుంటల సంగతి మాత్రం విన్న రోజే గట్టిగా పట్టుకున్నాడు. నున్నగా వెళ్ళిన రాయి గుంటలతో వచ్చింది. గుంటలుంటే పాతది. పెళ్ళికి వెళ్ళిన రాయి కొద్ది వారాల్లో ఇంత ముసలిదవుతుందా?

ఆట చివర ప్రణవి ఎప్పుడూ గొట్టాల సంగతి చెబుతుంది. ఇంకో బండి రాతిముక్కలు తొలిచి గొట్టాల్లో పెట్టి మూత బిగించి, కొన్నిటిని అంగారకుడి నేల మీదే వదిలి వెళ్ళింది. వాటిని భూమికి తెస్తే అసలు వయసు తేలుతుంది. "మరి తేవడానికి ఎవరూ ఎల్లనేదా?" అని సింహాచలం ఒకసారి అడిగాడు. "నాట్ యెట్ అంకుల్" అంది. అతనికి ఆశ్చర్యం కలగలేదు. సామాను పెట్టి వెళ్ళి, తిరిగి తెచ్చుకోని మనుషులు అతనికి తెలుసు.

మధ్యాహ్నం అబ్దుల్ ఖాదిర్ వచ్చాడు. కట్టడాలు లేవబోయే చోట భూమిలోకి తొలిచి, కింద రాయెట్లా ఉందో చెప్పే కంపెనీలో పనిచేస్తాడు. హైదరాబాదు మనిషి. సన్నగా, పొడుగ్గా, తెల్లగడ్డం నీటుగా కత్తిరించుకుని ఉంటాడు. మెడలో నల్లదారానికి చిన్న భూతద్దం. శనివారాలు వచ్చి పిల్లల ప్రశ్నలకి జవాబులు చెబుతాడు. దానికి డబ్బు తీసుకోడు. అందువల్ల సింహాచలానికి అతని మీద మొదట్లో అనుమానం ఉండేది.

ఆటకీ ఆటకీ మధ్య విరామంలో సింహాచలం సంచీ పక్కకి వంచి, రాయిని ఎర్ర ఇసుక మీదకి జార్చాడు. కేసంతా చెప్పాడు. కొందరు పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు ఇంకా అక్కడే ఉన్నారు. మూగారు.

ఖాదిర్ గడ్డం గోక్కున్నాడు. "ముందుగాల్నే చెప్తున్న భాయ్. ఆ బండి నిజం బండైనా నీకు పనికి రాదు. నీ రాయీ, మార్చిన రాయీ రెండూ మీ దిక్కువే అయితే రెంటికీ ఒకటే వయసు చెప్తది. నూరు కోట్ల ఏళ్ళు, అటూ ఇటూ."

"గీతాంజలిది గుంటూరు."

"గుంటూరు దిక్కు రాళ్ళు ఇంకా పాతవి కావచ్చు."

"అదే మరి. ముసల్ది అంటగట్టింది." సింహాచలం గంట్లు చూపించాడు. గుంటల సూత్రం ఖాదిర్‌కే అప్పజెప్పాడు.

ఖాదిర్ నవ్వలేదు. అందుకు ముఖం కొంచెం కష్టపెట్టుకోవాల్సి వచ్చింది. గుంటలు చెప్పేది రాయి వయసు కాదు, రాయి ముఖం వయసు అన్నాడు. అది కూడా ఆకాశం కొట్టిన గుంటలకే. మనిషి ఉలితో కొట్టిన గంట్లకి ఆ లెక్క లేదు. తర్వాత జేబులోంచి చిన్న బ్రష్ తీసి, ఇసుక మీద మోకాళ్ళ మీద కూర్చుని రాతిని తుడిచాడు. ఎర్ర దుమ్ము పోయింది, వంటింటి జిడ్డు మిగిలింది. చాకుమొనతో రెండు మూడు చోట్ల జిడ్డు గీకాడు. భూతద్దం కంటికి ఆనించుకుని ముక్కు రాతికి తగిలేదాకా వంగాడు. పిల్లలు కూడా వంగారు.

"ఇటు చూడు. గంటుకీ గంటుకీ నడుమ రాయి పచ్చగున్నది. పసుపు. ఏండ్ల నుంచి ఇంకి ఉన్నది. గంటు లోపట పసుపు లేదు. ఏమన్నట్టు? మొదలు శానా ఏండ్లు పసుపు నూరిన్రు. ఆ తర్వాత కక్కు కొట్టిన్రు. కొట్టినంక మళ్ళ ఏమీ నూరలే."

అంగారకుడి మీద కూడా ఇంతేనని ప్రణవి పిల్లలకి చెప్పింది. ఒకదాన్ని తెంపుకుంటూ ఇంకోటి పోతే, తెగింది ముందుది, తెంపింది తర్వాతది.

"పసుపు గీతాంజలి ఇంట్లోనూ ఉంటాది" అన్నాడు సింహాచలం.

"ఉంటది. కానీ ఆమె ఇంట్ల పసుపు ఇంకిన సన్నికల్లు ముందే ఉంటే, మీ ఇంటికి అడగనీకి ఎందుకొచ్చె?"

పిల్లల తల్లిదండ్రుల్లో ఎవరో దగ్గారు. సింహాచలం ఆ ప్రశ్నని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. మూడేళ్ళలో అది అతనికి తట్టలేదు.

"మార్చడానికే" అన్నాడు చివరికి.

అని, దాచి ఉంచిన సాక్ష్యం బయటపెట్టాడు. పెచ్చు. సూరమ్మ రాయికి ఎడమ చేతి దగ్గర మూల పెచ్చు ఊడి ఉంటుంది. ఊడగొట్టింది తనే, తనకి తెలియదా? ఈ రాయికి కూడా పెచ్చు ఊడింది. కానీ కుడి పక్క, అదీ అవతలి కొసన. గీతాంజలి పెచ్చు అయితే కొట్టించింది గానీ సరైన మూలన కొట్టించలేకపోయింది. మూడేళ్ళుగా కుళాయి పక్కన నిలబడి అతను రోజూ చూస్తూనే ఉన్నాడు. కుడి. అవతల. ఇంకేం కావాలి?

ఖాదిర్, ప్రణవి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అంకుల్, రోవర్ కూడా రాక్ తొలిచే ముందు అది ఏ సైడ్‌కి ఉందో నోట్ చేసుకుంటుంది" అంది ప్రణవి నెమ్మదిగా. "లేకపోతే తర్వాత ఏది పైన, ఏది కింద, ఎవరికీ తెలీదు."

"సూరమ్మక్క ఏ దిక్కు కూసునేది?" అని ఖాదిర్ అడిగాడు. "నూరేటప్పుడు?"

సింహాచలానికి చెప్పడం రాలేదు. కుళాయి అన్నాడు, బట్టల మిషన్ అన్నాడు, కిటికీ అన్నాడు. చేతులు ఊపాడు. ఎవరికీ అర్థం కాలేదు. విసుగొచ్చి అతనే అంగారకుడి మీద కూర్చున్నాడు.

సూరమ్మ కూర్చున్నట్టే కూర్చున్నాడు. ఎడమ కాలు మడిచి, కుడి మోకాలు నిలబెట్టి. కుళాయి కుడిచేతి వైపు. మోకాళ్ళు పటపటమన్నాయి. ప్రణవి వంగి, "సో హెవీ, అయ్యో" అంటూ రాయిని ఈ కొస ఆ కొసకి తిప్పి అతని ముందు పెట్టింది. అతను లేని పొత్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకి తోశాడు, వెనక్కి లాగాడు. ముందుకి, వెనక్కి. భుజాలు అందుకు వంగే ఉన్నాయి. ఆమె ఎంతసేపు నూరేదని! పచ్చడి ఆలస్యమైందని అతను కేకలేసేవాడు. రాయి నున్నబడిపోయింది, పట్టడం లేదు, కక్కు కొట్టించమని ఆమె అనేది. కక్కు కొడితే రాయి అరిగిపోద్దని అతను అనేవాడు. ఏళ్ళ తరబడి ఇంతే. నాలుగు తోపులు తోశాక ఆమె ఎడమచేత్తో మూల దగ్గర ముద్దని లోపలికి తీసుకునేది.

అతని ఎడమ చెయ్యి దానంతట అదే మూలకి పోయింది. పెచ్చు ఊడిన చోట బొటనవేలు సరిగ్గా పట్టింది.

చెయ్యి తియ్యలేదు. దుప్పట్లు లేకుండా రాయిని తాకినట్టు కాసేపటికి గాని అతనికి తెలియలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇది కూడా ఆటలో భాగమే అనుకున్నారు. మళ్ళీ ఎప్పుడు చేస్తారని ఒక తండ్రి ప్రణవిని అడిగాడు.

సింహాచలం లేచి నిక్కరుకి అంటిన ఇసుక దులుపుకున్నాడు. అందరూ అతని వైపే చూస్తున్నారు.

"కొట్టింది ఎవరో, ఎవరు కొట్టమన్నారో సెప్తాదా బండి?"

"అది చెప్పదు భాయ్. ఏది ముందు, ఏది తర్వాత, గంతే."

"అయితే ఇంకా తేలనేదు" అన్నాడు సింహాచలం.

పని దిగి రైలెక్కాడు. జురాంగ్ ఈస్ట్ నుంచి బుకిట్ బటోక్ ఒకటే స్టేషను. ఆ దూరం అతనికి చాలింది. జురాంగ్ ఈస్ట్‌లో ఎక్కినప్పుడు కేసు ఓడిపోయిన మనిషి. బుకిట్ బటోక్‌లో దిగేసరికి కొత్త కేసు సిద్ధంగా ఉంది. రాయి సూరమ్మదే. సరే. మరయితే గీతాంజలి పరాయివాళ్ళ రాయికి, అడగకుండా, చెప్పకుండా ఉలి పెట్టించింది. ఇది మార్చడం కంటే ఘోరం. మార్చినవాళ్ళు కనీసం అసలు రాయిని జాగ్రత్తగా దాచుకుంటారు.

బ్లాకు కింద లారీ ఉంది. మంచాలు, బీరువా ఎక్కించేశారు. స్తంభాల మధ్య అట్టపెట్టెల వరస పక్కన గీతాంజలి నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, బొద్దుగా, చీరకుచ్చిళ్ళు నడుముకి దోపి, చేతిలో తులసి కుండీ. ట్రాలీ కీచుమని వినగానే తలెత్తింది. ఇద్దరూ లిఫ్టు దగ్గరికి ఒకేసారి చేరారు. సింహాచలం గోడవైపు తిరగలేదు.

"రాయి మాదే" అన్నాడు.

గీతాంజలి నోరు తెరిచింది. "నేను మూడేళ్ళ నుంచీ అదేగా చెప్తోంది అంకుల్!"

"గంట్లు కొట్టించమని నీకెవరు సెప్పారు?"

"ఆంటీ."

"మా ఇంటిది నాకు సెప్పకుండా ఏ పనీ చెయ్యదు."

గీతాంజలి అతన్ని జాలిగా చూసింది. ఆ చూపు అతనికి నచ్చలేదు. లిఫ్టు రాగానే ఎక్కి, ఆమె ఎక్కకుండానే మీట నొక్కేశాడు.

ఇంట్లో రాయిని కుళాయి పక్కన పెట్టాడు. పెచ్చు ఎడమ మూలకి వచ్చేట్టు పెట్టాడు. అందులో ఒప్పుకోలు ఏమీ లేదు, రాయి ఉండవలసిన తీరు అది. అప్పుడే గంట మోగింది. అతను కదల్లేదు. మళ్ళీ మోగింది. తలుపు అవతలి నుంచి గీతాంజలి గొంతు వినబడింది. కోపంగా లేదు, తొందరలో ఉంది.

"అంకుల్, తలుపు తియ్యకపోతే తియ్యకండి. బీరువా జరిపితే వెనక ఈ ఉలి మూట దొరికింది. ఆంటీది. ఊరి నుంచి తెప్పించి, మీకు కనపడకూడదని మా ఇంట్లో దాచమన్నారు. మన బాలు చేత మా వంటింట్లోనే కొట్టించారు, దగ్గర కూర్చుని. ఆయనకి చెబితే ఒప్పుకోడే, నేనే మెల్లగా చెప్పుకుంటాలే అన్నారు. షూ రాక్ మీద పెడుతున్నా. పుంగ్గోల్ రండి ఒకసారి. భోజనానికి."

చెప్పుల చప్పుడు దూరమైంది. కింద లారీ తలుపు పడింది. ఇంజను కాసేపు గుర్రుమని, మలుపు దగ్గర తగ్గి, రోడ్డులో కలిసిపోయింది. సింహాచలం అడ్డంగా నిలబడలేదు.

బాలు తమ శ్రీకాకుళం నుంచి ఇక్కడికి పనికొచ్చిన కుర్రాడే. అతనూ ఎప్పుడో ఇంటికి వెళ్ళిపోయాడు.

చీకటి పడేముందు తలుపు తీశాడు. షూ రాక్ మీద మూట ఉంది. ముందు ఉలిని చూడలేదు. గుడ్డని చూశాడు. ఎర్ర గళ్ళు, ఒక అంచున ఓడలకి వేసే రంగు మరక. అది అతని తువ్వాలు. సూరమ్మ ఏ మూటనైనా రెండు ముళ్ళు వేసి చివర్లు లోపలికి దోపేది. చివర్లు లోపలికి దోపే ఉన్నాయి.

అంతలో లిఫ్టు తెరుచుకుని పై అంతస్తు చైనా ముసలాయన దిగాడు. పొరపాటున ఒక అంతస్తు ముందే దిగినట్టున్నాడు. సింహాచలాన్ని చూసి ఎప్పటిలాగే తల ఊపాడు. మూడేళ్ళుగా ఊపుతున్నాడు, జవాబు లేకుండా. సింహాచలం మూటని చొక్కా కిందకి దోపుకుని, తలుపు వేసుకున్నాడు. ఈ తువ్వాలును ఇక ఎప్పటికీ బయట గెడకి ఆరేయడానికి వీల్లేదు.

లోపల కూర్చుని ముళ్ళు విప్పాడు. ఆసుపత్రిలో ఆమె చెప్పబోయిన సంగతి ఇదే. కేకలెయ్యకు అంది. కేకలేసేవాడే. అది కూడా ఆమె సరిగ్గానే కనిపెట్టింది.

ఖాదిర్ ఫోన్ చేశాడు. ఏమైంది భాయ్, గీతాంజలమ్మతో మాట్లాడినవా, ఆ గంట్లు ఎవరివో తెలిసిందా అన్నాడు. అతనికి నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

"ఖాదిరూ" అన్నాడు సింహాచలం, "రాయి మాట నా కాడ ఇంకెప్పుడూ ఎత్తకు. నేనూ ఎత్తను. సచ్చేదాకా ఎత్తను." ఫోన్ పెట్టేశాడు.

తువ్వాలు మడిచి బీరువాలో సూరమ్మ చీరల కింద పెట్టాడు. ఉలిని ఎక్కడ పెట్టాలో తోచలేదు. చివరికి రాయి మీద, పొత్రం పక్కన పెట్టాడు. జానెడు ఇనుము. దెబ్బలకి పైకొస పువ్వులా విచ్చుకుంది. మొనకి తెల్లటి రాతిపొడి ఇంకా అంటుకునే ఉంది.